ఇంట్లో ఆఫ్‌సెట్ స్మోకర్ చేసుకునేవాళ్లకి: ముందు గాలి దారి చూసుకోండి

పాత ప్రొపేన్ ట్యాంకు దొరికింది, దాంతో ఆఫ్‌సెట్ స్మోకర్ (పక్కనున్న పెట్టెలో కట్టెలు మండించి, ఆ వేడితో, పొగతో మాంసం వండే ఇనుప పొయ్యి) చేసుకోవాలనుంది, ఇనుము ఎంత మందం ఉండాలి, పొగగొట్టం ఎక్కడ పెట్టాలి అని అడిగారు. డాలస్ దగ్గర మా పెరట్లో నేనొకటి చేసుకున్నాను. చేసినదాన్ని ఒకసారి కోసి మళ్లీ అతికించాల్సి వచ్చింది. ఆ తప్పు మీరు చెయ్యకూడదని రాస్తున్నాను.

నాది 20 అంగుళాల వ్యాసం, 4 అడుగుల పొడవున్న కొత్త పైపు ముక్క. మందం పావు అంగుళం. అంతకన్నా పల్చనిది వద్దు, గాలి వీచినప్పుడల్లా వేడి పడిపోతుంది. ఒక చివర కట్టెలు మండే 18 అంగుళాల చదరపు పెట్టె, అదే ఫైర్‌బాక్స్. మాంసం పెట్టే గది పరిమాణంలో మూడో వంతు కన్నా కాస్త ఎక్కువ. ఇంతవరకు బాగానే ఉంది. పొగగొట్టం దగ్గర మాత్రం, చేతికి దొరికింది కదా అని మూడంగుళాల గొట్టాన్ని గది నడినెత్తిన పెట్టేశాను. మంట ఊపిరాడక కునికింది. తెల్లటి పొగ దట్టంగా కమ్మేసింది. చికెన్ మసిపట్టి, నోట్లో పెట్టుకోలేనంత చేదెక్కింది. అప్పుడు మా అమ్మ ఇక్కడే ఉంది. "పొయ్యి మండాలి గానీ పొగచూరితే ఎట్లారా, పచ్చి కట్టెలు పెట్టినవా?" అంది. కట్టెలు ఎండినవే. పొగ బయటికి పోయే దారే చాల్లేదు.

ఆ తర్వాత బార్బెక్యూకి పేరున్న టెక్సస్ ఊరు లాక్‌హార్ట్ వెళ్లాం. అక్కడి బార్బెక్యూ హోటల్ స్మిటీస్ మార్కెట్‌లో ఇటుకలతో కట్టిన పాత పిట్ల (మాంసం వండే పొయ్యిల) పక్కన, నేల మీదే కట్టెలు మండుతుంటాయి. ఆ వేడి మాంసం మీదుగా సాగి అవతలి చివర పైకి పోతుంది. చాలాసేపు నిలబడి చూశాను. స్మోకర్‌ని పొగ నింపే పెట్టె అనుకోవడమే నా పొరపాటని అక్కడ అర్థమైంది. అది గాలిని లాగే పొయ్యి.

వచ్చాక గొట్టం కోసేసి, ఐదంగుళాలది, 3 అడుగుల ఎత్తుది, ఫైర్‌బాక్స్‌కి అవతలి చివర, మాంసం పెట్టే జాలీ ఎత్తులో పెట్టాను. నడినెత్తిన ఉంటే వేడి మూత కిందుగా తప్పించుకుపోతుంది, మాంసానికి ఆనదు. ఫైర్‌బాక్స్ నుంచి గదిలోకి తెరిచిన దారి 45 చదరపు అంగుళాలు, గది కింది సగంలో. ఇప్పుడు గొట్టం ఎప్పుడూ పూర్తిగా తెరిచే ఉంచుతాను. వేడి తగ్గించాలంటే మంటనే చిన్నది చేస్తాను.

ట్యాంకు విషయంలో మాత్రం దయచేసి తొందరపడకండి. ఖాళీగా కనిపించినా లోపల గ్యాస్ మిగిలే ఉంటుంది. వాల్వు తీయించడం, కోయడం తెలిసినవాళ్ల చేతే చేయించండి. మా వెల్డరు అయితే నిండా నీళ్లు పోయనిదే ఏ ట్యాంకునూ ముట్టుకోడు. జాలీకి గాల్వనైజ్డ్ (జింకు పూత ఉన్న) ఇనుము వాడొద్దు. దాన్ని వెల్డింగ్ చేస్తే వచ్చే జింకు పొగ పీలిస్తే చలిజ్వరం వస్తుంది.

మూత కోసేటప్పుడు నాలుగు వైపులా ఒకేసారి కోయకండి. ముందు కబ్జాల వైపు కోసి, కబ్జాలు అతికించి, ఆ తర్వాత మిగతా మూడు వైపులు. లేకపోతే ఇనుము విచ్చుకుని మూత సరిగ్గా కూర్చోదు.

కట్టె ఇక్కడ పోస్ట్ ఓక్, ఓక్ చెట్లలో ఒక రకం. మణికట్టు లావున చీల్చినవి, ముప్పావు గంటకొకటి. తర్వాత వేయబోయేదాన్ని ఫైర్‌బాక్స్ మీద పెట్టి వేడెక్కనిస్తే, లోపల వెయ్యగానే అంటుకుంటుంది. గొట్టం నుంచి కనీకనపడని నీలిపొగ రావాలి. మేం బీఫ్ తినం. గొర్రె జబ్బ మాంసాన్ని 250 ఫారెన్‌హీట్ దగ్గర ఉంచి, మాంసం లోపల 200 వచ్చేదాకా కదపను. ఎముక దానంతటదే ఊడి వస్తుంది. చికెన్‌కి 300 పైన వేడి కావాలి, లేదంటే తోలు సాగుతుంది.

థర్మామీటరు మూతకి కాకుండా జాలీ పక్కన పెట్టండి. మొదటిసారి మాంసం లేకుండా లోపలంతా నూనె రాసి, నాలుగైదు గంటలు గట్టిగా మండించండి. పొగగొట్టం అతికించే ముందు ఫోటో పెడితే చూసి చెప్తాను.