సెన్సరు తప్పా, కొలబద్ద తప్పా?

ప్రశ్న: ఎస్పీ రోడ్డులో ఆర్డుయినో ఊనో బోర్డు (ప్రోగ్రాము రాసి నడిపించే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు), ఎల్ఎం35 ఉష్ణోగ్రత సెన్సరు కొని, సెలవు రోజుల్లో మా అబ్బాయితో కలిసి నేర్చుకుంటున్నాను. ఎల్ఈడీ వెలిగించడం మొదటి గంటలోనే వచ్చేసింది. సెన్సరు మాత్రం అదే గదిలో, అదే పూట, నా ల్యాప్‌టాప్‌కు తగిలిస్తే 27 డిగ్రీలు, మా ఆవిడ ల్యాప్‌టాప్‌కు తగిలిస్తే 28 పైచిలుకు చూపుతోంది. సెన్సరు వైరు పీకేసినా సున్నా రాకుండా 300, 400 అంటూ ఏవేవో అంకెలు వస్తున్నాయి. షాపువాళ్లు పాడైన బోర్డు అంటగట్టారంటారా?
– ఒక పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: మీరు చెప్పిన లక్షణాలను బట్టి చూస్తే బోర్డులో దోషం కనిపించడం లేదు, కాబట్టి షాపువాళ్లతో తగవుకు వెళ్లకండి. ఊనోలోని ఏటీమెగా328పీ చిప్పు తనకు అందిన వోల్టేజీని నేరుగా చదవదు. తన దగ్గరున్న కొలబద్ద వోల్టేజీలో అది ఎన్నో వంతో చూసి, 0 నుంచి 1023 వరకు ఒక అంకె ఇస్తుంది. మీరు ప్రత్యేకంగా చెప్పకపోతే ఆ కొలబద్ద బోర్డుకు అందుతున్న 5 వోల్టుల సరఫరాయే. యూఎస్‌బీ నుంచి వచ్చే ఆ సరఫరా ల్యాప్‌టాప్‌ను బట్టి, కేబులును బట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది.

ఎల్ఎం35 డిగ్రీకి 10 మిల్లీవోల్టులు ఇస్తుంది కాబట్టి 27 డిగ్రీల దగ్గర 0.27 వోల్టు వస్తుంది. సరఫరా సరిగ్గా 5 వోల్టులైతే చిప్పు 55 అంటుంది. అదే 4.7కు పడిపోతే 58 అంటుంది, మీ ప్రోగ్రాము దాన్ని ఇంకా 5 వోల్టుల లెక్కనే గుణించి 28.3 డిగ్రీలని చూపుతుంది. వేడి పెరగలేదు, బద్ద కురచైంది. పైగా ఈ లెక్కన ఒక్కో మెట్టు, అంటే చిప్పు ఇచ్చే అంకెలో ఒకటి తేడా, దాదాపు అర డిగ్రీ; అంటే దశాంశం తర్వాత మీరు ఎన్ని అంకెలు ముద్రించినా వాటిని నమ్మడానికి లేదు.

చిప్పులోనే 1.1 వోల్టుల కొలబద్ద మరొకటి ఉంది. ప్రోగ్రాము మొదట్లో అనలాగ్‌రిఫరెన్స్ ఆదేశానికి ఇంటర్నల్ అనే విలువ ఇస్తే అదే వాడుకలోకి వస్తుంది, మెట్టు దాదాపు 0.1 డిగ్రీకి తగ్గుతుంది. ఆ 1.1 కూడా చిప్పు చిప్పుకూ 1.0 నుంచి 1.2 వరకు మారవచ్చు కనుక, ఆ కొలబద్ద వోల్టేజీని కొలవడానికి వీలిచ్చే ఏరెఫ్ పిన్ను దగ్గర మల్టీమీటరు పెట్టి వచ్చిన విలువనే లెక్కలో రాసుకోండి. ఆ సమయంలో ఏరెఫ్ పిన్నుకు బయటి వోల్టేజీ ఏదీ తగిలించకూడదు. కొలబద్ద మార్చిన వెంటనే వచ్చే మొదటి కొన్ని అంకెలను వదిలేయండి.

ఇక వైరు పీకినప్పటి సంగతి. దేనికీ తగలని పిన్ను సున్నా దగ్గర ఉండదు, గాలిలో వేలాడుతుంది; చుట్టూ ఉన్న ఇంటి కరెంటు తీగల ప్రభావాన్ని పట్టుకుని ఊగుతుంది. మీ అబ్బాయిని ఆ పిన్నుకు తగిలించిన వైరు దగ్గరికి చెయ్యి తీసుకురమ్మనండి, అంకెలు చిందులేస్తాయి. తర్వాత అదే పిన్ను నుంచి గ్రౌండుకు 10 కిలో ఓముల రెసిస్టరు వేయండి, సున్నాకు దిగి బుద్ధిగా కూర్చుంటుంది. పిల్లవాడికి అనలాగ్ అంటే, అదే ఉంది-లేదు అని కాక కొంచెం కొంచెంగా మారే విలువ అంటే, ఏమిటో నా ఈ పేరా కన్నా ఆ ఆటే బాగా చెబుతుంది.

ప్రశ్న: బటన్ను ఒకసారి నొక్కితే నా ప్రోగ్రాము మూడు, నాలుగు సార్లని లెక్కిస్తోంది. ఇది ఉంది-లేదు అని రెండే చెప్పే డిజిటల్ పిన్నే కదా?
– ఒక పాఠకురాలు, జయనగర్, బెంగళూరు

జవాబు: పిన్ను డిజిటలే, బటన్ను లోపలి లోహపు రేకులు కావు. అవి కలిసేటప్పుడు కొన్ని మిల్లీసెకన్ల పాటు ఎగిరెగిరి తగులుతాయి, 16 మెగాహెర్ట్జ్‌తో నడిచే చిప్పు ఆ తాకిళ్లన్నింటినీ చూస్తుంది. మొదటి మార్పు కనబడ్డాక 20 మిల్లీసెకన్లు ఆగి, మళ్లీ చదివి, అప్పటికీ నొక్కే ఉంటేనే ఒకటి కలపండి.