బద్ధకమని మీరే తేల్చేసుకోకండి

ప్రశ్న: నా వయసు 34. ఉద్యోగం చేస్తున్నాను. కొన్ని నెలలుగా ఏ పనీ మొదలుపెట్టబుద్ధి కావడం లేదు. రాత్రి ఒంటిగంట దాకా ఫోను చూస్తూ ఉండిపోతాను, ఉదయం ఆరున్నరకు లేవాలంటే ప్రాణం మీదికి వస్తుంది. ఇంట్లో అందరూ బద్ధకం అంటున్నారు. విటమిన్ మాత్రలు వాడితే హుషారు వస్తుందా?
- ఒక పాఠకురాలు

సలహా: మాత్రల సంగతి తర్వాత చూద్దాం. ఒంటిగంటకు పడుకుని ఆరున్నరకు లేస్తే దక్కే నిద్ర ఐదున్నర గంటలు. పెద్దవాళ్లకు కనీసం 7 గంటలు కావాలి. ఈ లోటును బద్ధకం ఖాతాలో వేయడం అన్యాయం. మధ్యాహ్నం దాటాక కాఫీ, టీ మానేయండి. కెఫీన్ ప్రభావం గంటల తరబడి ఉంటుంది. గురక ఎక్కువగా పెడుతున్నారేమో ఇంట్లోవాళ్లనే అడగండి. నిద్రలో శ్వాస ఆగి ఆగి సాగే స్లీప్ ఆప్నియా ఉంటే ఎంతసేపు పడుకున్నా బడలిక తీరదు.

బద్ధకించేవాళ్లు ఇష్టంలేని పనిని వాయిదా వేస్తారు, ఇష్టమైనదానికి మాత్రం చటుక్కున లేస్తారు. మీకు ఇష్టమైన పనికీ ఒళ్లు సహకరించకపోతే రక్తపరీక్షలు చేయించుకోండి. హిమోగ్లోబిన్, ఫెరిటిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), బి12, చక్కెర చాలు. ఫెరిటిన్ ఎందుకంటే, హిమోగ్లోబిన్ తగ్గకముందే ఒంట్లో ఇనుము నిల్వలు అడుగంటుతాయి. నెలసరిలో రక్తస్రావం ఎక్కువగా ఉండేవారిలో ఇది తరచూ కనిపిస్తుంది. థైరాయిడ్ మందగించినా ఇలాంటి నీరసమే ఉంటుంది. దానితోపాటు బరువు పెరగడం, చలికి తట్టుకోలేకపోవడం, మలబద్ధకం ఉండొచ్చు. జలుబుకో అలర్జీకో, బీపీకో మందులు వాడుతుంటే వాటి పేర్లూ డాక్టరుకు చెప్పండి. కొన్ని మత్తుగా, నీరసంగా ఉంచుతాయి.

ఒళ్లు బాగానే ఉండి, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, దిగులు రెండు వారాలు దాటి దాదాపు రోజూ ఉంటే డిప్రెషన్ కావచ్చు. మానసిక వైద్యులను కలవడానికి మొహమాటం వద్దు. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఆ రోజే వెళ్లండి.

ఇవేవీ కాకపోతే? ఉత్సాహం వచ్చాక మొదలుపెడదామని కూర్చుంటే అది రాదు. చాలామందికి పని కొంత జరిగాకే ఉత్సాహం పుడుతుంది. డిప్రెషన్ చికిత్సలో వాడే బిహేవియరల్ యాక్టివేషన్ పద్ధతికి ఆధారం ఇదే: మనసు ఎలా ఉన్నా, ముందే అనుకున్న వేళకు ఒక చిన్న పని చేయడం. ‘రేపటినుంచి వ్యాయామం’ అనుకోవద్దు. ‘పళ్లు తోముకోగానే పది నిమిషాల నడక’ అనుకోండి. వారానికి 150 నిమిషాల వ్యాయామం మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది గానీ, మొదటి వారం ఆ లెక్క మీకెందుకు? ఒకరోజు తప్పితే మర్నాడు మళ్లీ నడవండి, తిట్టుకోవడం మాత్రం వద్దు. పడుకునేటప్పుడు ఫోను వేరే గదిలో ఛార్జింగ్‌కు పెట్టండి.

ఇక విటమిన్లు. లోపం ఉన్నవారికే వాటితో గుణం కనిపిస్తుంది. పరీక్షల ఫలితాలు వచ్చేదాకా కొనకండి.