సంతకం పెట్టకపోతే నేను సప్పీరనా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. ఆయన రైస్ మిల్లులో గుమస్తా, నేను ఇంట్లో కుట్టుమిషన్ పెట్టుకున్నాను. మా పుట్టింటివాళ్లు మూడు తరాలుగా క్రైస్తవులు. ఆయన మా పెళ్లికి ముందు బాప్తిస్మం తీసుకున్నారు. ఏడాది నుంచి "మొదటి సంఘం ఎలా బతికిందో మనమూ అలాగే బతకాలి" అంటున్నారు. ప్రతి ఆదివారం కూడిక అయ్యాక 15 మందిని భోజనానికి తీసుకొస్తారు. మా నాన్న నా పేరు మీద రాసిచ్చిన 20 గుంటల చెలకను పాప నర్సింగ్ చదువుకని ఉంచాం. నెలకోసారి హైదరాబాద్ నుంచి వచ్చే బోధకుడు కొత్త మందిరం కడుతున్నాడట. చెలక అమ్మి దానికి ఇద్దాం, సంతకం పెట్టు అని మా ఆయన అంటున్నారు. కాదంటే "అననీయ సప్పీరలు ఏమయ్యారో గుర్తుంచుకో" అన్నారు. అప్పట్నుంచి నాకు నిద్ర లేదు. హాలియాలో మా ఆడబిడ్డ బోనాలకు పిలిచినా పోనివ్వరు. దేవరకొండ దగ్గర ఊళ్లో ఒక్కతే ఉండే అత్తమ్మకు కంటి ఆపరేషన్ కూడా వాయిదా పడుతోంది. నాకే విశ్వాసం తక్కువైందా?

జవాబు: చెల్లెమ్మా, ముందు ఆ భయం సంగతి చూద్దాం. అననీయ, సప్పీర యేసు తర్వాత యెరూషలేములో మొదలైన మొదటి సంఘంలోని భార్యాభర్తలు. పొలం అమ్మిన డబ్బు విషయంలో అబద్ధమాడి ఒకరి వెనక ఒకరు పడి చనిపోయారు. బైబిల్లో అపొస్తలుల కార్యములు ఐదో అధ్యాయం తెరిచి నాలుగో వచనం దగ్గర ఆగండి. పొలం అమ్మకముందు అది నీదే కదా, అమ్మాక ఆ డబ్బూ నీ చేతిలోదే కదా అని అననీయను యేసు శిష్యుడు పేతురు అడుగుతాడు. అంటే అమ్మమని వాళ్లను ఎవరూ బలవంతపెట్టలేదు, అమ్మాక మొత్తం తెమ్మనీ అడగలేదు. కొంత దాచుకుని, తెచ్చింది అంతేనని చెప్పడమే వాళ్ల తప్పు. "నేను ఇవ్వలేను, ఇది పాప చదువుకి" అని ఉన్నదున్నట్టు చెప్పే మీకు, ఆ అబద్ధానికి ఏ సంబంధమూ లేదు.

ఇంకొకటి కూడా గమనించండి. మూడు గంటల తర్వాత సప్పీర వచ్చినప్పుడు, భర్త చెప్పిందే ఆమె మాట అని పేతురు అనుకోలేదు. ఇంతకే అమ్మారా అని ఆమెనే అడిగాడు. నిజం చెప్పడానికి ఆమెకు అవకాశం ఇచ్చాడు. ఆమె భర్త మాటకే తల ఊపింది, కొంప మునిగింది అక్కడే. మనసులో వద్దనుకుంటూ భయానికి సంతకం పెడితేనే మీరు ఆ కథకు దగ్గరవుతారు.

అదే సంఘంలోని బర్నబా భూమి అమ్మి ఇచ్చిన మాట నిజం. మార్కు తల్లి మరియ మాత్రం ఇల్లు అమ్మలేదు. పేతురు చెరసాల నుంచి బయటపడి రాత్రిపూట వెళ్లి తలుపు తట్టింది ఆ ఇంటినే. అదీ మొదటి సంఘమే.

మీ ఆయనది దొంగ భక్తి అని నాకు అనిపించడం లేదు. రోజంతా మిల్లులో బస్తాల లెక్క రాసే మనిషి, ఆ బస్తాలు మోసే హమాలీల ఇళ్లలో పరిస్థితి ఎలా ఉంటుందో చూస్తూనే ఉంటారు. ఆదివారం పాటలు పాడి ఇంటికొచ్చి పడుకుంటే చాలదని ఆయనకు అనిపించింది. అది మంచి ఆకలి. దాన్ని వెక్కిరించకండి, చుట్టాల ముందు తక్కువ చేసి మాట్లాడకండి. కాకపోతే మొదటి సంఘంలాగే బతుకుదాం అన్నారు కాబట్టి, ఆ సంఘం నిజంగా ఏం చేసిందో ఆయనతోనే కూర్చుని చదవండి.

రోమ్‌లో ఉన్న తొలినాళ్ల క్రైస్తవ రచయిత జస్టిన్ క్రీస్తుశకం సుమారు 155లో ఆదివారం కూడిక గురించి రాశాడు. ఉన్నవాళ్లు, ఇష్టమైనవాళ్లు తమకు తోచినంత ఇస్తారు, ఆ సొమ్ము అనాథలకు, విధవరాళ్లకు, రోగులకు, ఖైదీలకు, పరదేశులకు పోతుంది అన్నాడు. ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్‌కు చెందిన మరో క్రైస్తవ రచయిత టెర్టులియన్ 197 ప్రాంతంలో ఇంచుమించు అదే చెప్పాడు: నెలకోసారి కొద్దిగా, అదీ మనసుంటేనే, ఎవరికీ బలవంతం లేదు. దిక్కులేని పేదలను పాతిపెట్టడానికి కూడా ఆ డబ్బు వాడేవాళ్లట. తొలి 200 ఏళ్లలో వాళ్లు ఎక్కువగా ఇళ్లలోనే కూడుకున్నారు. మందిరం కట్టడం తప్పని నేననను. మొదటి సంఘం పేరు చెప్పి ఆడపిల్ల చదువు డబ్బు గోడలకు అడగడం మాత్రం నాకు మింగుడుపడడం లేదు.

దిదాఖే అని చిన్న పుస్తకం ఉంది, పన్నెండుమంది అపొస్తలుల బోధ అనే పేరుతో. సుమారు 1900 ఏళ్ల నాటిది. చాలాకాలం కనిపించకుండా పోయి, 1873లో నేటి ఇస్తాంబుల్‌లో దాని ప్రతి దొరికింది. ఊరూరూ తిరిగే బోధకులను ఎలా గుర్తుపట్టాలో అందులో ఉంది. ఆత్మ పేరుతో నాకు డబ్బివ్వండి అనేవాడి మాట వినకండి, లేనివాళ్ల కోసం అడిగితే మాత్రం తీర్పు తీర్చకండి అంటుంది. ఎవరికిస్తున్నావో తెలిసేదాకా నీ దానం నీ చేతిలోనే చెమట పట్టనివ్వు అనీ అంటుంది. ఆ మాట ఇద్దరూ కలిసి చదవండి. ఆ మందిరం స్థలం ఎవరి పేరు మీదుందో, లెక్కలు ఎవరు చూస్తారో ఆయన్నే అడిగి తెలుసుకోమనండి. ఇక మీ భూమి సంగతి. తహసీల్దార్ ఆఫీసులో మీరు కూర్చుని సంతకం, వేలిముద్ర పెడితే తప్ప ఎవరూ అమ్మలేరు. పాస్‌బుక్ మీ దగ్గరే ఉంచుకోండి, ఖాళీ స్టాంప్ పేపర్ మీద సంతకం పెట్టకండి. ఒకవేళ ఆయన చెయ్యి చేసుకునేదాకా వస్తే 181కి ఫోన్ చేయండి. ఆ దెబ్బలకు వాక్యంలో ఆధారం ఉందని ఎవరు చెప్పినా నమ్మకండి.

ఆదివారం భోజనాలంటారా, వారమంతా మిషన్ తొక్కిన మనిషి 15 మందికి ఒక్కతే వండిపెట్టడం ప్రేమవిందు, అంటే తొలి క్రైస్తవులు కలిసి తిన్న భోజనం కాదు. యెరూషలేములోని ఆ మొదటి సంఘంలో విధవరాళ్ల భోజనం వంతు విషయంలో గొడవొస్తే, ఆ పంపకం పనికి స్తెఫను, ఫిలిప్పులతో కలిపి ఏడుగురు మగవాళ్లను పెట్టారు. మీ కూడికలో మగవాళ్లకు కూడా చేతులున్నాయి. వచ్చేవాళ్లు తలా ఒక కూర తేవాలి, గిన్నెలు మగవాళ్లు కడగాలి.

నేను పాలమూరు పక్క పల్లెలో పెరిగాను. మా అమ్మ సోలతో బియ్యం కొలిచాక, ఎసట్లో పోసేముందు ఒక పిడికెడు తీసి పాత డాల్డా డబ్బాలో వేసేది. శనివారం రాత్రి ఆ డబ్బా ఊపి చూడటం నా పని. ఆదివారం ఆడవాళ్లంతా తెచ్చినవి చర్చిలో ఒకే గోనెసంచిలో పోసేవాళ్లు. ఎవరి పిడికెడు ఎంతో ఎవరికీ తెలిసేది కాదు. ఆ బియ్యంతో చింతచెట్టు కింద ఇంట్లో ఉండే ఒక ముసలామె నెలంతా వండుకునేది. కరువొచ్చిన ఏడు మా పిడికెడు చిన్నదయింది గానీ ఆగలేదు. ఆ ఏడు కూడా మేం పస్తులు పడుకోలేదు. లేనిదాన్ని బట్టి కాదు, ఉన్నదాన్ని బట్టి ఇవ్వమని అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘంవాళ్లకు రాసిన మాట నాకు ఆ డబ్బాతోనే అర్థమైంది. మీ ఇంట్లోనూ అలాంటిది ఒకటి మొదలుపెట్టండి. ఎవరికివ్వాలో మీ ఆయన్నే ఎంచమనండి. మిల్లు దగ్గరే ఒక హమాలీ కుటుంబం కనపడుతుంది.

ఆడబిడ్డ విషయం ఇంత పెద్దది చేసుకోనక్కర్లేదు. అవిశ్వాసి భోజనానికి పిలిస్తే, వెళ్లాలనిపిస్తే వెళ్లి పెట్టింది తిను, ఆరా తీయకు అన్నాడు పౌలు. ఇది దేవుడికి పెట్టిందని ఎవరైనా చెబితే మాత్రం తినవద్దన్నాడు. బోనం రోజు ఇబ్బందైతే మర్నాడు పండ్లు పట్టుకుని వెళ్లండి. ఆడబిడ్డ ఇంటి గడప తొక్కొద్దని మాత్రం పౌలు ఎక్కడా రాయలేదు.

చివరిగా మీ అత్తమ్మ. ఆమె బాప్తిస్మం తీసుకుందా లేదా అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. సొంత ఇంటివాళ్లను చూసుకోనివాడు విశ్వాసం వదిలినవాడే, అవిశ్వాసికన్న చెడ్డవాడు అని తిమోతి మొదటి పత్రిక ఐదో అధ్యాయంలో ఉంది. చూపు మసకేసిన ఒక విధవరాలు సొంత కొడుకు కోసం ఎదురుచూస్తోంది. కూడిక అయిన వెంటనే గొడవగా కాకుండా, రాత్రి అన్నం తిన్నాక నెమ్మదిగా ఆ వచనం ఆయన్నే పైకి చదవమనండి. శుక్లం ఆపరేషన్ అయితే సర్కారు దవాఖానాలో ఉచితమే. పరీక్షలు, బస్సు చార్జీలు, చుక్కల మందులకు ఈ నెల ఆయన చందా కవరులో వేయాలనుకున్న డబ్బు తీయమనండి. వచ్చే ఆదివారం ఇంట్లో విందు వద్దు. పాపను కూడా తీసుకుని ముగ్గురూ దేవరకొండ బస్సెక్కండి, వచ్చేటప్పుడు అత్తమ్మను వెంట తెచ్చుకోండి.