కేసు కొట్టేశారు, అయినా పేరు కొడితే కేసు కనిపిస్తోంది. తీయించుకోవచ్చా?

కోర్టు నిర్దోషి అన్నాక కూడా ఇంటర్నెట్‌లో మీ పేరు పక్కన కేసు కనిపిస్తోందని, దాన్ని తీయించే దారి ఉందా అని అడిగారు. ఆ టెన్షన్ నేనూ పడ్డాను.

మా ఊళ్లో పొలం గట్టు దగ్గర మా చిన్నాన్నకీ పక్క పొలం వాళ్లకీ గొడవైంది. ఆ రోజు నేను హైదరాబాద్‌లో ఉన్నాను. అయినా ఎఫ్‌ఐఆర్‌లో నన్ను ఏ4గా, అంటే నాలుగో నిందితుడిగా రాయించారు. మూడేళ్లు వాయిదాలకు తిరిగాక కేసు కొట్టేశారు. పీడ విరగడైందనుకున్నాను.

తర్వాత మంచి ఉద్యోగం వచ్చింది, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ దగ్గర ఆగింది. కోర్టు కేసుల వివరాలుండే ప్రభుత్వ వెబ్‌సైట్ ఈ-కోర్ట్స్‌లో పేరు కొట్టి ఎవరైనా కేసు వెతకొచ్చు. రిపోర్టులో 'క్రిమినల్ కేసు ఉంది' అని మాత్రమే రాశారు, తీర్పు ఏమొచ్చిందో రాయలేదు. తీర్పు సర్టిఫైడ్ కాపీ తీసుకెళ్లి ఇచ్చాక కూడా పదిహేను రోజులు పట్టింది. అన్ని రోజులూ అమ్మకి జాయినింగ్ డేట్ మారిందనే చెప్పాను.

పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల విషయంలో, కొన్ని ఘోర నేరాలు మినహా, గడువు తీరాక రికార్డు నాశనం చెయ్యాలని 2015 జువెనైల్ జస్టిస్ చట్టం చెబుతోంది. పెద్దవాళ్లకు అలాంటి ప్రత్యేక చట్టం లేదు, హైకోర్టులో రిట్ పిటిషన్ (హక్కుల కోసం నేరుగా హైకోర్టును అడిగే పిటిషన్) వేసుకోవాలి. 2021లో ఢిల్లీ హైకోర్టు, మాదకద్రవ్యాల కేసులో నిర్దోషిగా బయటపడిన ఒక అమెరికా పౌరుడి తీర్పు సెర్చ్‌లో రాకుండా చూడమని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. ఉద్యోగం దొరకడం లేదన్నదే అతని బాధ కూడా. 2024 ఫిబ్రవరిలో మద్రాసు హైకోర్టు అలాంటి తీర్పే ఇస్తే, జూలైలో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. కాబట్టి గ్యారంటీగా తీయిస్తానని ఎవరైనా అంటే డబ్బు కట్టకండి.

తీర్పులు దాచెయ్యమని నేను అనను. కోర్టు ఏం చేసిందో జనానికి తెలియాలి. పసిపిల్లల మీద నేరానికి శిక్ష పడిన మనిషి స్కూల్ బస్సు నడపడానికి వస్తే ఆ స్కూలుకి తెలిసి తీరాలి. కానీ నిర్దోషి పేరు వెతికితే దొరకాల్సిన అవసరం ఏముంది? అత్యాచార కేసుల్లో బాధితురాలి పేరు బయటపెట్టకుండానే కోర్టులు తీర్పులు రాస్తున్నాయి కదా. ఇక్కడా పేరు తీసేసి తీర్పు ఉంచితే చాలు.

అలాంటి పద్ధతి వచ్చేదాకా, కేసు సంగతి మీరు దాచొద్దు. ముఖ్యంగా ప్రభుత్వ ఉద్యోగంలో చేరే ముందు మన వివరాలు రాసిచ్చే అటెస్టేషన్ ఫారంలో కేసు గురించి అడిగితే ఉన్నదున్నట్టు రాయండి. కేసు కొట్టేసినా, దాచారన్న కారణంతో ఉద్యోగం పోవచ్చు. ప్రైవేటులో అయితే వెరిఫికేషన్ మొదలవక ముందే హెచ్‌ఆర్‌కి మీరే చెప్పి కాపీ ఇవ్వండి. సర్టిఫైడ్ కాపీకి ఈ వారమే అప్లికేషన్ పెట్టండి, ఆఫర్ వచ్చాక పరిగెత్తితే టైముకి అందదు.