ఫోన్‌లో రోజూ చెప్పేదే రాసిపెట్టు

అమ్మలూ,

నిన్న ఫోన్‌లో "ఇంత ఫర్నిచర్ పని మధ్య బ్లాగు రాయడం వల్ల నాకేం ఒరుగుతుంది మామయ్యా?" అని అడిగావు. నేను నోరు తెరిచేలోగా నీకు ఇంకో కాల్ వచ్చింది. "ఒక్క నిమిషం" అని పెట్టేశావు. ఆ నిమిషం ఇంకా అవ్వలేదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. అసలు ఆ వచ్చిన కాలే నీ ప్రశ్నకు సగం జవాబు.

ఎవరో కొత్తవాళ్లై ఉంటారు. "కిచెన్ కప్‌బోర్డులకు ప్లైవుడ్ మంచిదా, ఎండీఎఫ్ (చెక్కపొడిని జిగురుతో అదిమి చేసే పలక) మంచిదా?" అని అడిగి ఉంటారు. నువ్వు చేతిలో పని పక్కన పెట్టి పావుగంట ఓపిగ్గా చెప్పి ఉంటావు. "ఆలోచించుకుని చెబుతామండీ" అని పెట్టేసి ఉంటారు. రేపు ఇంకొకరు అదే అడుగుతారు, నువ్వు మళ్లీ మొదటి నుంచి చెబుతావు. టైము లేదంటున్నావు గానీ, ఆ టైము పోతున్నది ఇక్కడే. నువ్వు చెప్పేదంతా బ్లాగే, కాకపోతే గాల్లో కలిసిపోతోంది.

నేను మోటార్లు, పంపుల రిపేరు పని చేస్తూ బ్లాగు మొదలుపెట్టినప్పుడు ఏం రాశానో తెలుసా? "నాణ్యతే మా ఊపిరి", "కస్టమర్ సంతృప్తే మా ధ్యేయం". మీ అత్తయ్య కూడా సగం చదివి ఆవలించింది. అలాంటివి ఓ డజను రాసి, ఒక్క కాల్ రాక, ఇదంతా పనిలేని పని అని వదిలేశాను.

తర్వాత ఒకరోజు పొద్దున్నుంచి నలుగురు ఫోన్ చేసి ఒకే మాట అన్నారు: "మోటారు తిరుగుతోంది గానీ నీళ్లు రావట్లేదు." నాలుగో కాల్‌కి నాకు విసుగొచ్చింది. ఆ రాత్రి కూర్చుని ఆ మాటనే హెడ్డింగుగా పెట్టి, ఫోన్‌లో ఏం చెబుతానో అదే రాశాను. ముందు ఫుట్‌వాల్వ్‌ను, అంటే నీళ్లు వెనక్కి జారకుండా పైపు అడుగున ఉండే వాల్వ్‌ను అనుమానించండి. అది లీకైతే పైపులోని నీళ్లు కిందికి దిగిపోయి పంపులో గాలి చేరుతుంది. స్విచ్ ఆపి, పంపు నిండా నీళ్లు పోసి మళ్లీ వేసి చూడండి. నీళ్లు వచ్చి, మర్నాటికి మళ్లీ ఆగిపోతే వాల్వ్ విప్పాల్సిందే. అది బాగానే ఉంటే నీళ్లు పీల్చే పైపు జాయింట్ల దగ్గర ఎక్కడైనా గాలి లాగుతోందేమో చూడండి. నీళ్లు లేకుండా మాత్రం మోటారు తిప్పకండి, సీల్ పాడవుతుంది. పక్కనే ఒక ఫోటో పెట్టాను: ఆ రోజే విప్పిన ఫుట్‌వాల్వ్, దాని నోట్లో ఇరుక్కున్న చిన్న గులకరాయి.

"చేతిలో పని ఊరికే పంచిపెడుతున్నారు, ఇక మిమ్మల్ని ఎవరు పిలుస్తారు?" అంది మీ అత్తయ్య. నిజమే, కొందరు చదివి సొంతంగా బాగుచేసుకున్నారు, ఆ రోజు కూలి నాకు రాలేదు. కానీ తర్వాత మోటారులోని తీగచుట్ట, అదే వైండింగ్, కాలిపోయినప్పుడు వాళ్లకు గుర్తొచ్చింది నేనే. ఇంకో తేడా కూడా కనిపించింది. అంతకుముందు ఫోన్ చేసినవాళ్లు "ఎంత తీసుకుంటారు?" అనే మాటతో మొదలుపెట్టేవాళ్లు. ఇప్పుడు "మీరు రాసింది చదివామండీ, వాల్వ్ చూశాం, అది కాదు, మీరు ఎప్పుడు రాగలరు?" అనేవాళ్లు. నమ్మకం నాకంటే ముందే వాళ్ల ఇంటికి వెళ్లి కూర్చుంది. బ్లాగు వల్ల లాభాలంటే చాలామంది చాలా చెబుతారు గానీ, నేను కళ్లారా చూసింది ఇది.

హెడ్డింగు సంగతి గట్టిగా గుర్తుపెట్టుకో. అంతకుముందు నేనే "సింగిల్ ఫేజ్ మోటార్ల స్టార్టింగ్ సమస్యలు" అని గొప్పగా ఒకటి రాశాను. ఎవరూ రాలేదు. గూగుల్ సెర్చ్ కన్సోల్ అని ఒకటుంది, ఉచితమే. నీ సైటు ఏ ఏ మాటలకు గూగుల్‌లో కనిపించిందో, ఎంతమంది లోపలికి వచ్చారో చూపిస్తుంది. అందులో చూస్తే జనం కొడుతున్నది "మోటారు గుయ్‌మంటోంది, తిరగట్లేదు" అని. కరెంటు ఉండి గుయ్‌మంటూ తిరగకపోతే చాలాసార్లు కెపాసిటర్ (మోటారు కదలడానికి ఊపునిచ్చే చిన్న భాగం) పోయినట్టే. రాసింది అదే విషయం, కానీ వాళ్ల నోటి మాటలో లేదు. హెడ్డింగు మార్చాక మెల్లగా కదిలింది. నీ భాషలో "ఎడ్జ్ బ్యాండింగ్ లోపాలు" అయితే, వాళ్ల భాషలో "కప్‌బోర్డు అంచు ఊడిపోతోంది".

ధర గురించి రాయాలంటే నీకు భయమని తెలుసు. పోటీవాళ్లు చూస్తారని కదా? వాళ్లకు ఎలాగూ తెలుసు, అడగలేక తిరిగిపోయేది కస్టమరే. అమెరికాలో మార్కస్ షెరిడాన్ అని ఒకాయన ఉన్నాడు, ఈత కొలనులు కట్టే చిన్న కంపెనీ వాళ్లది. 2008 మాంద్యంలో ఆర్డర్లు పోయి కంపెనీ మునిగే దశకు వచ్చింది. అప్పుడాయన కస్టమర్లు అడిగే ప్రశ్నలన్నీ ఒక్కొక్కటిగా తీసుకుని జవాబులు రాయడం మొదలుపెట్టాడు. ఫైబర్‌గ్లాస్ కొలనుకు ఎంతవుతుంది, ఎందుకు తేడా వస్తుంది అని రాశాడు. తాము అమ్మే ఆ కొలనుల్లో ఉన్న లోపాలు కూడా రాశాడు. కంపెనీ నిలబడింది. నువ్వు రూపాయి తేడా లేకుండా అంకె పెట్టక్కర్లేదు. దేనివల్ల ధర పెరుగుతుంది, దేనివల్ల తగ్గుతుంది, మామూలుగా ఎంత నుంచి ఎంత మధ్యలో ఉంటుంది అని చెబితే చాలు. బేరమాడి విసిగించేవాళ్లు అది చదివి అక్కడి నుంచి అటే వెళ్లిపోతారు. అది నష్టం కాదు తల్లీ, వరం.

చేతిపని వాళ్లకు ఇదేం కుదురుతుందిలే అనుకోకు. 2005లో లండన్‌లో సూట్లు కుట్టే దర్జీలకు పేరున్న సావిల్ రో వీధి దర్జీ థామస్ మహోన్ బ్లాగు పెట్టి, సూటు ఎలా కత్తిరిస్తారో, ధర అంతెందుకో విడమర్చి రాశాడు. గుట్టుగా సాగే వృత్తి అది. ఆయన గుట్టు విప్పాడు, దూరదేశాల వాళ్లకు కూడా ఆయన పేరు తెలిసింది.

సోషల్ మీడియాలో ఫోటోలు పెడుతున్నావుగా, అది మానకు. అయితే అది అద్దె ఇల్లు. ఆర్కుట్ గుర్తుందా? నువ్వు చిన్నపిల్లవి. 2014లో మూసేశారు. గూగుల్ ప్లస్ 2019లో పోయింది. నిన్నటి పోస్టు ఇవాళ ఎవరికీ కనబడదు, కానీ నా ఫుట్‌వాల్వ్ వ్యాసం ఏళ్ల తరబడి పనిచేస్తూనే ఉంది. కాబట్టి అసలు రాత నీ సొంత సైటులో ఉంచి, సోషల్ మీడియాలో దాని లింకు పెట్టు. ఒక జాగ్రత్త: డొమైన్ పేరు, అంటే నీ సైటు చిరునామా, నీ పేరు మీద, నీ ఈమెయిల్‌తో రిజిస్టర్ చేయించు. నాకు సైటు చేసినతను తన పేరు మీద పెట్టుకున్నాడు. తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. నా పేరు నాకు తిరిగి తెచ్చుకోవడానికి నేను పడ్డ టెన్షన్ నీకెందుకు?

ఒక తప్పు కూడా చెబుతాను. కెపాసిటర్ గురించి రాస్తూ "కాస్త పెద్దది వేసినా ఫర్వాలేదు" అనేశాను. నా మనసులో ఉన్నది వోల్టేజి. అది ఎక్కువదైనా ఇబ్బంది లేదు. చదివినవాళ్లు మైక్రోఫారడ్‌లు, అంటే కెపాసిటర్ సామర్థ్యం అనుకున్నారు. అవి పాతదానికి సరిపోవాలి, పెద్దది వేస్తే వైండింగ్ వేడెక్కిపోతుంది. ఒక పెద్దమనిషి ఈమెయిల్‌లో చివాట్లు పెట్టాడు. సిగ్గుపడి, వ్యాసం పైనే తేదీ వేసి "ఇక్కడ తప్పు రాశాను, సరిదిద్దాను" అని పెట్టాను. ఆ చివాట్ల తర్వాత రాసే ప్రతి వాక్యాన్నీ ముందు నేనే ఒకసారి మళ్లీ సరిచూసుకోవడం అలవాటైంది. పని కూడా మెరుగైంది, నిజం.

ఇది నెమ్మది వ్యవహారం. వచ్చే వారం జీతాలు ఇవ్వడానికి ఆర్డర్లు కావాలంటే బ్లాగు పనికిరాదు. పాత కస్టమర్లకు ఫోన్ చెయ్యి, అవసరమైతే ప్రకటన వెయ్యి. రాసింది గూగుల్‌లో నిలదొక్కుకోవడానికి నెలలు పట్టొచ్చు. పైగా ఇప్పుడు చాలా ప్రశ్నలకు గూగులే పైన ఏఐతో జవాబు ఇచ్చేస్తోంది. అందుకని ఎక్కడైనా దొరికే పై పై సమాచారం నువ్వూ రాయకు, ఏఐతో రాయించి అతికించనూ వద్దు. నువ్వు చేసిన బల్ల, దానికి వచ్చిన బీట, నువ్వు దాన్ని సరిచేసిన తీరు, ఇవి నీ దగ్గర తప్ప ఎక్కడా లేవు. గూగుల్ కూడా 2022 డిసెంబరులో తన నాణ్యత మార్గదర్శకాల్లో సొంత అనుభవాన్ని ఒక కొలతగా చేర్చింది.

ఎలా మొదలుపెట్టాలంటే, ఫోన్ పక్కన ఒక నోట్‌బుక్ పెట్టుకో. అడిగిన ప్రశ్నను అడిగిన మాటల్లోనే రాయి, మళ్లీ వస్తే పక్కన ఒక గీత గియ్యి. రెండు వారాల తర్వాత ఎక్కువ గీతలున్నది మొదటి వ్యాసం. రాయడం రాకపోతే ఫోన్‌లో రికార్డ్ చేసుకుని తర్వాత టైప్ చెయ్యి. పదిహేను రోజులకు ఒకటి చాలు. చివర నీ నంబరు పెట్టడం మర్చిపోకు, నేను ఏడాది పాటు మర్చిపోయాను.

ఎండీఎఫ్ ప్రశ్నకు గీతలు లెక్కపెట్టక్కర్లేదు, నాకు తెలుసు. నీ దగ్గర పడి ఉన్న ముక్కల్లోంచి పద్దెనిమిది మిల్లీమీటర్ల ఎండీఎఫ్ ఒకటి, అంతే మందం ప్లైవుడ్ ఒకటి తీసుకుని ఈ రాత్రి బకెట్ నీళ్లలో వెయ్యి. తేలిపోకుండా పైన బరువు పెట్టు. పొద్దున తీసి, రెండింటి మందం కొలిచి, స్కేలు పక్కన పెట్టి ఫోటో తియ్యి. ముందు నాకు పంపు, చూడాలని ఉంది.

మీ మామయ్య