సిబ్బంది వార్తల పేజీ నీ చేతికొచ్చింది కాబట్టి

అమ్మాయ్,

లైబ్రరీ బులెటిన్‌లో సిబ్బంది వార్తల పేజీ ఇకనుంచి నువ్వే చూడాలని మొన్న మీటింగ్‌లో తేల్చేశారట. "అదేముంది సార్, అందరికీ ఒక మెయిల్ పెడతాను, వచ్చినవి సర్ది వేసేస్తాను" అన్నావు ఫోన్లో. నేనూ మొదటి రెండేళ్లు అదే చేశాను, అందుకే ఈ ఉత్తరం.

మెయిల్ పెడితే ఎవరు పంపుతారో ఇప్పుడే చెప్పేస్తాను, ప్రతిసారీ అదే నలుగురు. వాళ్లని తప్పుపట్టడం లేదు, చేసిన పని చెప్పుకోవడంలో తప్పేముంది. కాకపోతే ఆ నలుగురూ రిఫరెన్స్ వాళ్లో డిజిటల్ విభాగం వాళ్లో అయ్యుంటారు, కాన్ఫరెన్సులకి వెళ్లే వీలు ఉన్నవాళ్లు, రాయడం అలవాటైనవాళ్లు. రెండేళ్ల సంచికలు ఒకరోజు టేబుల్ మీద వరసగా పరుచుకుని చూస్తే పీరియాడికల్స్ నుంచి ఒక్క పేరు లేదు, బైండింగ్ నుంచి లేదు, రాత్రి కౌంటర్ అనేది మన లైబ్రరీలో అసలు ఉందా అన్నట్టుంది. నాకే సిగ్గేసింది.

అప్పటినుంచి మెయిల్ మానలేదు గానీ నెలకి రెండు మధ్యాహ్నాలు నోట్‌బుక్ పట్టుకుని విభాగాలన్నీ తిరిగేవాణ్ణి. నువ్వూ తిరుగు. వెళ్లి "ఈ నెల ఏం సాధించారు" అని మాత్రం అడగకు, ఆ మాట వినగానే ఎంత పనిమంతులైనా "ఏముందండీ, మామూలే" అనేస్తారు. "ఈ నెల మిమ్మల్ని బాగా విసిగించిన పని ఏది?" అని అడుగు. కుర్చీ లాగి కూర్చోబెట్టి మరీ చెప్తారు.

నీళ్ల సంగతి నాకు అలాగే తెలిసింది. కింది అంతస్తు ర్యాకుల పైన ఒక రాత్రి పైపు పగిలింది కదా, నువ్వు చేరకముందు. ఆ రాత్రి కౌంటర్‌లో ఉన్నాయన ముందు మెయిన్ వాల్వ్ కట్టించి, తర్వాత తడిసిన పుస్తకాలని రెండు గుట్టలుగా విడదీశాడు, మామూలు కాగితంవి ఒకవైపు, నున్నటి ఆర్ట్ పేపర్‌వి ఒకవైపు. ఎందుకని అడిగాను. నున్నటి కాగితం మీద పూత ఉంటుంది, తడిసి ఆరడం మొదలైతే పేజీలు ఒకదానికొకటి అతుక్కుని ఇటుకలా అయిపోతాయి, ఆ తర్వాత ఎవరూ విడదీయలేరు, అందుకని అవి ఆరకముందే చుట్టబెట్టి ఫ్రీజర్‌లో పెట్టేయాలి. మామూలువైతే నిలబెట్టి, అట్టలు కొంచెం తెరిచి, ఫ్యాన్ గాలికి వదిలి, మధ్యలో బ్లాటింగ్ పేపర్ మారుస్తూ ఉండాలి. 48 గంటలు దాటితే బూజు పట్టడం మొదలవుతుంది. ఇదంతా ఎప్పుడో ఒకరోజు వర్క్‌షాప్‌లో విన్నాడట, గుర్తుపెట్టుకున్నాడు. ఆ టైములో ఫ్రీజర్ ఎక్కడ దొరుకుతుంది? జీవశాస్త్రం ల్యాబ్ వాళ్లని నిద్రలేపి అడిగాడు. ఆ నెల మన బులెటిన్‌లో ఏం వచ్చిందో తెలుసా, "కింది అంతస్తులో నీటి లీకేజీ సమస్య పరిష్కరించబడింది." రాసింది నేనే. పరిష్కరించబడిందట! దానంతట అదే జరిగినట్టు. ఆ "బడింది" ఎక్కడ కనబడినా ఆగి, చేసిందెవరో కనుక్కో, ఆ పేరుతో వాక్యం మళ్లీ రాయి.

క్యాటలాగింగ్ వాళ్ల దగ్గర ఇంకాస్త ఓపిక కావాలి, వాళ్ల పని బయటికి కనబడదు. ఒకే పేరున్న ఇద్దరు రచయితలు, ఒకరు వృక్షశాస్త్రం, ఇంకొకరు న్యాయశాస్త్రం, మన క్యాటలాగ్‌లో ఏళ్ల తరబడి ఒక్క మనిషిగానే చలామణి అయ్యారు. ఒకామె ముందుమాటలు తిరగేసి, పుట్టిన సంవత్సరాలు పట్టుకుని ఇద్దర్నీ విడదీసింది. దీన్ని "అథారిటీ రికార్డుల సవరణ చేపట్టారు" అని వేస్తే మన విభాగం దాటి ఎవరికీ ఒక్క ముక్క అర్థం కాదు. "ఇకనుంచి ఫలానా న్యాయశాస్త్ర రచయిత కోసం వెతికితే మొక్కల పుస్తకాలు రావు, అందుకు కారణం ఈమె" అని రాస్తే ఫిజిక్స్ విభాగంలో ఉన్నాయన కూడా ఆగి చదువుతాడు. ఈ పేజీని మనవాళ్లే కాదు, పోస్టులు ఇవ్వాలో వద్దో తేల్చే పెద్దలు కూడా ఒక చూపు చూస్తారు, అది మనసులో పెట్టుకుని రాయి.

ఇక తప్పుల విషయం. ఇందులో నాకు బాగానే తగిలాయి.

ఒకాయన కారిడార్‌లో ఎదురై "నా పేపర్ ఆ జర్నల్‌కి వెళ్లింది సార్" అన్నాడు. నేను సంబరంగా "ప్రచురితమైంది" అని వేసేశాను. నెల తిరక్కుండానే ఆ పేపర్ వెనక్కి వచ్చింది. ఎదురైన ప్రతివాళ్లూ అభినందనలు చెప్తుంటే పాపం ఆయన ఒక్కొక్కరికీ సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వచ్చింది, నన్ను ఒక్క మాట అనలేదు గానీ నాకు కనబడకుండా వేరే మెట్ల దారిన తిరిగేవాడు. పంపడం వేరు, సమీక్షలో ఉండటం వేరు, అంగీకరించడం వేరు, అచ్చవడం వేరు. అంగీకరించాక వేయి, అప్పుడు కూడా "అంగీకరించారు" అనే వేయి. డీఓఐ, అంటే ఆ పేపర్‌కి ఇచ్చే శాశ్వత గుర్తింపు నంబరు, వచ్చి ఉంటే అడిగి తీసుకో, 10తో మొదలయ్యే ఆ నంబరు కొట్టి చూస్తే శీర్షిక, పేర్లు, సంవత్సరం అన్నీ అక్కడే తెలుస్తాయి. నోటి మాట మీద రాయకు, నా నోటి మాటైనా సరే.

పీహెచ్‌డీ కూడా ఇంతే, వైవా అయిపోయినంత మాత్రాన పేరు ముందు డాక్టర్ పెట్టేయకు, పట్టా ఉత్తర్వు రానీ. ప్రమోషన్‌కి సంతకమైన ఆర్డర్ కళ్లతో చూడు.

పేర్ల వరస ఇంకా సున్నితం. ముగ్గురు కలిసి రాసిన పేపర్‌లో మన లైబ్రరీ వాళ్లు ఇద్దరుంటే, నాకు చెప్పిన ఒక్కరి పేరే వేశాను ఒకసారి. రెండో ఆమె ఏమీ అడగలేదు, కానీ ఆ తర్వాత ఏ వార్తా నాకు చెప్పలేదు, అదే నాకు పెద్ద శిక్ష. అప్పటినుంచి ఎవరు ఏ పేపర్ చెప్పినా ముందు అడిగేది "ఇంకెవరున్నారు?" అనే. వరస అచ్చులో ఎలా ఉంటే అలాగే ఉంచు, హోదాని బట్టి పైకీ కిందికీ జరపకు. ఎవరేం చేశారో తెలిస్తే ఇంకా మంచిది, ఇప్పుడు చాలా జర్నళ్లు క్రెడిట్ (CRediT) అనే పద్ధతిలో 14 రకాల పాత్రలు విడివిడిగా వేస్తున్నాయి, డేటా సర్దినవాళ్లకీ ప్రోగ్రామ్ రాసినవాళ్లకీ అందులో చోటుంది. పేరు స్పెల్లింగ్ మీద అనుమానమొస్తే ఆర్కిడ్ ఐడీ చూడు, పరిశోధకులకి ఒక్కొక్కరికీ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య, 16 అంకెలది, చివర ఒక్కోసారి ఎక్స్ అక్షరం ఉంటుంది, అది తప్పు అనుకుని దిద్దకు. నేను దిద్దాను.

కాన్ఫరెన్స్ వార్తల్లో అన్నిటికీ "పాల్గొన్నారు" అనే ఒక్క మాట వాడేయడం మనకి అలవాటైపోయింది. కూర్చుని విన్నవాళ్లూ పాల్గొన్నారే, పేపర్ చదివినవాళ్లూ పాల్గొన్నారే. పోస్టర్ పెట్టారా, పేపర్ చదివారా, చర్చ నడిపారా, లేక ఆ కార్యక్రమ కమిటీలో ఉండి ఏడాదిగా వేరేవాళ్ల పేపర్లు వడపోశారా? చివరిది చేసినవాళ్లు ఎప్పుడూ చెప్పరు. సమీక్షకుల పని కూడా అంతే. ఎవరి పేపర్ సమీక్షించారో బయట పెట్టకూడదు, ఏ జర్నల్‌కి సమీక్షకులుగా ఉన్నారో మాత్రం వాళ్లనడిగి వేయొచ్చు.

అవార్డుల దగ్గర కొంచెం అనుమానం మనిషిగా ఉండు. "ఉత్తమ లైబ్రేరియన్‌గా మీరు ఎంపికయ్యారు, రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి" అనే మెయిళ్లు అందరికీ వస్తాయి, కొందరు కడతారు కూడా, కట్టి ఆ ఫోటో నీకు పంపుతారు. డబ్బు తీసుకుని ఏదైనా అచ్చేసే జర్నళ్లకి ప్రెడేటరీ అని పేరు పెట్టిందే ఒక యూనివర్సిటీ లైబ్రేరియన్, జెఫ్రీ బీల్, 2010లో. మన వృత్తివాడు బయటపెట్టిన మోసం మన పేజీలోనే అచ్చయితే ఎలా ఉంటుంది చెప్పు. అలాగని ఫీజు తీసుకునే ప్రతి జర్నలూ దొంగది కాదు, ఎవరైనా ఉచితంగా చదువుకోగలిగే మంచి ఓపెన్ యాక్సెస్ జర్నళ్లు చాలా తీసుకుంటాయి, అలాంటివాటిని పరిశీలించి చేర్చే జాబితా డీఓఏజేలో ఉందా, సంపాదకులెవరు అని చూసుకో. తేడాగా ఉంటే ఆ మనిషిని విడిగా కూర్చోబెట్టి చెప్పు, పది మందిలో అనకు. వాళ్లూ మోసపోయినవాళ్లే.

అంకెలు వేసేటప్పుడు ఎక్కడినుంచి వచ్చాయో అడుగు. "మా రిపాజిటరీలో (పేపర్లు దాచే మా ఆన్‌లైన్ భండారంలో) ఇన్ని వేల డౌన్‌లోడ్‌లు" అంటారు, అందులో సగం రోబోలవే, అంటే వెబ్‌లో వాటంతటవే తిరిగే ప్రోగ్రాములవే, అయ్యుండొచ్చు. డౌన్‌లోడ్‌లు లెక్కపెట్టడానికి కౌంటర్ (COUNTER) అనే ప్రమాణం ఒకటుంది, దాని ప్రకారం లెక్కేస్తే 30 సెకన్ల లోపు అదే మనిషి అదే ఫైల్‌ని రెండుసార్లు నొక్కితే ఒక్కటే లెక్క, రోబోలని తీసేస్తారు. అలా తీసిన అంకెలైతే ధైర్యంగా వేయి.

కొత్తగా చేరినవాళ్ల గురించి ఒక్క లైనుతో సరిపెట్టేస్తుంటారు, పేరు, హోదా, తేదీ. 1924లో మద్రాసు యూనివర్సిటీలో అలా ఒక్క లైను వేసి ఉంటే "గణితం మేష్టారొకరు లైబ్రేరియన్‌గా చేరారు" అని ఉండేది. ఆయన తర్వాత మన దేశంలో గ్రంథాలయ శాస్త్ర పితామహుడనిపించుకున్న ఎస్.ఆర్. రంగనాథన్, చేరిన కొద్దిరోజులకే విసుగొచ్చి మళ్లీ పాఠాలు చెప్పుకుంటానని బయల్దేరాడు. 1965లో అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో చేరిన హెన్రియెట్ అవ్రామ్‌కి లైబ్రరీ డిగ్రీయే లేదు, ఆమె కంప్యూటర్ ప్రోగ్రామర్, క్యాటలాగ్ కార్డుని కంప్యూటర్ చదివేలా చేసిన మార్క్ (MARC) అనే ఫార్మాట్ ఆమె బృందం పనే. కొత్తవాళ్లందరూ అంతవాళ్లవుతారని కాదులే, ఇంతకుముందు ఏం చేసేవారో రెండు ముక్కలు అడిగి రాస్తే అవతలి విభాగం వాళ్లకి ఏ పనికి ఎవర్ని పిలవాలో తెలుస్తుంది.

రిటైర్మెంట్ గురించి మాత్రం ఎక్కువ చెప్పాలి. "సుదీర్ఘ కాలం విశిష్ట సేవలందించారు" అన్న మాట నీ పేజీలో కనబడితే నాకు కోపమొస్తుంది, అది ఎవరికైనా సరిపోతుంది, అంటే ఎవరికీ సరిపోదు. బైండింగ్‌లో ఒకాయన రిటైరవుతున్నప్పుడు ఏం రాయాలో తోచక పాత జర్నల్ సంపుటాలున్న ర్యాకుల్లోకి వెళ్లి ఊరికే నాలుగు తెరిచాను. ఒకదాని వెనక అట్ట లోపల సన్నటి పెన్సిల్ రాత ఉంది, "113 నుంచి 128 వరకు లేవు. ప్రెస్‌కి రాశాం. వచ్చాయి. కుట్టాను." సరిగ్గా 16 పేజీలు, అంటే ఒక ఫారం, ఒకే పెద్ద షీటు మీద అచ్చేసి మడిచే పేజీల కట్ట, మొత్తం ప్రెస్‌లోనే జారిపోయిందన్నమాట. ఆయన కుట్టబోయే ముందు ప్రతి సంచికనీ పేజీ పేజీ లెక్కపెట్టేవాడు, ఎవరూ చెప్పని పని. ఇంకో మూడు తెరిస్తే ఇంకొకదాంట్లో కూడా అదే రాత. ఆ వాక్యం ఉన్నదున్నట్టు వేశాను, విశేషణం ఒక్కటి కూడా పెట్టలేదు. వాళ్ల అబ్బాయి వచ్చి ఆ సంచిక అయిదు కాపీలు అడిగి పట్టుకెళ్లాడు.

ఇంటి విషయాలు, పెళ్లిళ్లు, పిల్లలు, ఆరోగ్యం, ఇవేవీ వాళ్లు వేయమంటేనే వేయి. ఎవరో చెప్పారని "శస్త్రచికిత్స తర్వాత కోలుకుంటున్నారు" లాంటివి అస్సలు వద్దు. ఫోటోకి కూడా అడుగు. ఎవరైనా పోయినప్పుడు మాత్రం తొందరపడకు, ఇంటివాళ్లతో మాట్లాడి, వాళ్లు చూశాకే అచ్చుకివ్వు, ఒక సంచిక ఆలస్యమైనా ఫరవాలేదు.

తప్పు పడితే తర్వాతి సంచికలో అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో దిద్దు. కింద మూల చిన్నగా వద్దు.

పాత నోట్‌బుక్కులు పీరియాడికల్స్ గదిలో నా పాత బీరువా కింది అరలో ఉన్నాయి, తాళం కొంచెం పైకెత్తి తిప్పితేగానీ తెరుచుకోదు. ఆఖరి దాంట్లో చివరి పేజీ చూడు. రాత్రి కౌంటర్ ఆయన పేరు రాసి ఎదురుగా మూడు తేదీలు ఉంటాయి, మూడుసార్లు వెళ్లి పైపు సంగతి పేరుతో సహా వేస్తానని అడిగాను, మూడుసార్లూ "ఇప్పుడెందుకు సార్" అన్నాడు. ఆయనకింకా ఏడాది సర్వీసుంది. నాలుగోసారి నువ్వడుగు, పది దాటాక వెళ్లు, అప్పుడు కౌంటర్ దగ్గర ఎవరూ ఉండరు.

ఇట్లు
మీ పాత డిప్యూటీ లైబ్రేరియన్