మారేడు గురించి మీరడిగినవి: పచ్చికాయ పని వేరు, పండు పని వేరు

ఎండలు ముదిరాయి, ఒడియావాళ్ళ కొత్త సంవత్సరం పణా సంక్రాంతి దగ్గరకొచ్చేసింది, అందుకేనేమో ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా మారేడు మీదే ఉన్నాయి. ఒడిశాలో బరంపురం నుంచి గుణుపురం దాకా మన తెలుగిళ్ళల్లో కూడా బేలపణా, అంటే మారేడు పండు పానకం, లేకుండా ఏప్రిల్ గడవదు కదా, అందుకని మిగతావి వచ్చే నెలకి ఉంచి ఈసారి మొత్తం దీనికే జవాబులు రాస్తున్నాను.

డాక్టర్ గారూ, మా బాబుకి ఆరేళ్ళు. పోయిన నెల నీళ్ళ విరేచనాలు పట్టుకుంటే మా అత్తగారు మారేడు పండు గుజ్జుతో పణా చేసి రోజంతా తాగించారు, కడుపు కట్టేస్తుంది అన్నారు. తగ్గకపోగా ఎక్కువైపోయి చివరికి సెలైన్ ఎక్కించాల్సొచ్చింది. మారేడు విరేచనాలకి మంచిది కాదా? మళ్ళీ వస్తే ఏం చెయ్యాలి? – ఒక తల్లి, పర్లాకిమిడి

అమ్మా, మీ అత్తగారు చెప్పిన దాంట్లో సగం నిజమే, ఆవిడ్ని ఏమీ అనకండి. మారేడు విరేచనాలకి మందే, కానీ ఆ గుణం పచ్చికాయది, పండుది కాదు. చరక సంహితలో మలాన్ని గట్టిపరిచి ఆకలి పుట్టించే వాటిల్లో మేటి అని మారేడునే చెప్పారు. తర్వాత 16వ శతాబ్దంలో వచ్చిన ఆయుర్వేద గ్రంథం భావప్రకాశలో ఇంకా స్పష్టంగా ఉంటుంది, పళ్ళన్నీ పండాకే గుణం ఎక్కువ, ఒక్క మారేడు మాత్రం పచ్చిగా ఉన్నప్పుడే ఎక్కువ అని. పచ్చికాయలో వగరు పదార్థం, అంటే టానిన్లు బాగా ఉంటాయి, అది పేగుని బిగపట్టి నీళ్ళు పోకుండా చూస్తుంది. కాయ పండేకొద్దీ ఆ వగరు తగ్గి తీపీ జిగురూ పెరుగుతాయి, అప్పుడు అదే కాయ విరేచనం సాఫీగా అయ్యే మందు అయిపోతుంది. మీ బాబుకి అసలే పేగులు వదులయ్యి ఉన్నప్పుడు పండు గుజ్జు, పైగా దాన్నిండా బెల్లం, రెండూ కలిసి ఇంకా లాగేశాయి.

మళ్ళీ వస్తే ఓఆర్ఎస్ మొదలుపెట్టండి, మిగతావన్నీ ఆ తర్వాతే. లీటరు నీళ్ళకని ఉన్న ప్యాకెట్టుని లీటరు కాచి చల్లార్చిన నీళ్ళల్లో మొత్తం ఒకేసారి కలపాలి, సగం ప్యాకెట్టు గ్లాసులో కలపడం లాంటివి వద్దు, ఉప్పు పాళ్ళు తప్పుతాయి. ఆ వయసు పిల్లలకి విరేచనం అయిన ప్రతిసారీ 100 నుంచి 200 మిల్లీలీటర్లు కొంచెం కొంచెంగా చెంచాతో పట్టాలి, కలిపింది 24 గంటలు దాటితే పారబోసి కొత్తది కలపాలి. జింక్ మాత్ర రోజుకి 20 మిల్లీగ్రాములు, 14 రోజులు, విరేచనాలు ఆగిపోయినా సరే పూర్తిగా వాడాలి. రెండూ ఆశా దీదీ దగ్గర అడగండి. మలంలో రక్తం పడినా, కళ్ళు లోపలికి పోయినా, పిల్లాడు మత్తుగా పడుకుండిపోయినా, ఏం తాగినా కక్కేస్తున్నా ఇంట్లో ఒక్క గంట కూడా చూడొద్దు, 108కి ఫోన్ చెయ్యండి.

పెద్దవాళ్ళకి పాత బంక విరేచనాలు, తిన్న వెంటనే దొడ్డికి పరిగెత్తడం లాంటివి ఉంటే ఎండబెట్టిన పచ్చి మారేడు ముక్కల పొడి బాగా పనిచేస్తుంది. మూలికల కొట్లో ముక్కలు దొరుకుతాయి, దోరకాయని పెంకుతో సహా చక్రాల్లా కోసి ఎండబెట్టినవి. దంచి జల్లించి ఒక చెంచా, అంటే సుమారు 3 గ్రాములు, పల్చటి మజ్జిగలో చిటికెడు శొంఠి కలిపి పూటకొకసారి. పిల్లలకి మాత్రం వైద్యుడు చూడకుండా ఇవ్వొద్దు.

మా నాన్నగారికి సుగర్. రోజూ పరగడుపున పది మారేడు ఆకులు నమిలి, మెట్‌ఫార్మిన్ మానేస్తానంటున్నారు. శివుడికి పెట్టే ఆకు, చెడు చేస్తుందా అని అడుగుతున్నారు. – గుణుపురం నుంచి ఒక పాఠకుడు

మానిపించొద్దు బాబూ. ఆయన భక్తికి దణ్ణం పెట్టే చెప్తున్నాను. మారేడు ఆకుకి సుగర్ తగ్గించే గుణం ఉందని మన వైద్యంలో ఎప్పటినుంచో ఉంది, ఎలుకల మీద చేసిన పరీక్షల్లో కూడా కనబడింది, కానీ మాత్ర మానేసి ఆకు మీద బతకొచ్చని చెప్పేంత రుజువు మనుషుల్లో లేదు. ఇంకో చిక్కు కూడా ఉంది, ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్ళు పైనుంచి ఆకు కషాయం కూడా తాగితే సుగర్ మరీ కిందకి పడిపోయి చెమటలు పట్టి కళ్ళు తిరగొచ్చు. 2013లో అమెరికాలో, ఎక్కువగా హవాయిలో, ఒళ్ళు తగ్గడానికని అమ్మిన ఒక సప్లిమెంట్ వాడి చాలామందికి లివర్ దెబ్బతింది, కొందరికి లివర్ మార్పిడి దాకా వెళ్ళింది, ఒకరు చనిపోయారు కూడా. అనుమానం దేని మీదకి వెళ్ళిందంటే ఎజెలిన్ మీదకి. అది మారేడు ఆకులో సహజంగా ఉండేదే, వాళ్ళు దాన్ని ల్యాబ్‌లో తయారుచేసి కలిపారు. పూజకి తెచ్చిన ఆకులు రెండు నోట్లో వేసుకుంటే ఇలా అవుతుందని కాదు, ఎక్స్‌ట్రాక్ట్ అనీ క్యాప్సూల్ అనీ ఆన్‌లైన్లో అమ్మేవాటిని ఆకు కదా అని నమ్మి మింగొద్దని చెప్పడానికే ఇదంతా. నాన్నగారికి మూడు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ, అంటే గత మూడు నెలల సగటు సుగర్ చెప్పే రక్తపరీక్ష, చేయించండి, ఆ అంకె చూసి డాక్టరు చెప్తే మాత్ర తగ్గించుకోవచ్చు. గర్భిణులు మాత్రం ఆకు కషాయం జోలికే పోవద్దు.

పణా ఎప్పుడు చేసినా చేదొస్తోంది, ఎందుకు? మా మామగారికి డెబ్భై దాటాయి, మలబద్ధకం, ఆయనకి రోజూ ఇవ్వొచ్చా? – బరంపురం నుంచి ఒక కోడలు

మీరు మిక్సీలో వేస్తున్నట్టున్నారమ్మా, అదే కారణం అయ్యుంటుంది. గింజ నలిగిందంటే చేదు, వగరు రెండూ దిగిపోతాయి. పెంకు పచ్చదనం పోయి పసుపుపచ్చగా తిరిగి, ముక్కు దగ్గర పెట్టుకుంటే కమ్మటి వాసనొచ్చే పండు తీసుకోండి. రోలు అంచుకేసి గట్టిగా ఒక దెబ్బ కొడితే పెంకు చిట్లుతుంది, లోపల నారింజ రంగు గుజ్జు, మధ్యలో గింజలు ఒక్కోటీ చిక్కటి జిగురులో మునిగి ఉంటాయి. గుజ్జంతా చెంచాతో గీకి నీళ్ళల్లో వేసి అరగంట నాననిచ్చి చేత్తోనే పిసకాలి, వేళ్ళకి జిగురు తీగలా సాగుతుంది, గింజలు చిదమకుండా వదిలేసి పల్చటి గుడ్డలో వడకట్టండి. తర్వాత బెల్లం, మిరియాల పొడి, యాలకులు, కొబ్బరి కోరు, మన చుట్టుపక్కల ఒడియా ఇళ్ళల్లో అయితే ఛెనా (పాలు విరగ్గొట్టి తీసిన ముద్ద), అరటిపండు కూడా వేస్తారు.

మామగారికి ఇది సరైన మందే. మలబద్ధకానికి కావాల్సింది పండే. కానీ పండు అరగడానికి బరువు అని భావప్రకాశలోనే ఉంది, అందుకని పొద్దున్న అరగ్లాసుతో మొదలుపెట్టి చూడండి, కడుపుబ్బరం వస్తే రోజు విడిచి రోజు ఇవ్వండి, మిరియాలు మానకండి. ఆయనకి సుగర్ ఉంటే బెల్లం వద్దు. ఈ మధ్యనే కొత్తగా మలబద్ధకం మొదలై బరువు కూడా తగ్గుతున్నారంటే మాత్రం పణా పక్కనపెట్టి ముందు డాక్టరుకి చూపించండి.

సంతలో మారేడు అని ఇస్తే వెలగపండు వచ్చింది, ఎలా గుర్తుపట్టాలి? – కాశీనగర్

మారేడు పెంకు నున్నగా ఉంటుంది, వెలగ పెంకు గరుగ్గా బూడిద తెలుపులో ఉంటుంది. పగలగొడితే వెలగ గుజ్జు గోధుమ రంగు, పులుపు. పచ్చడికి బ్రహ్మాండం. చెట్టు దగ్గరైతే ఇంకా సులువు, మారేడుకి మూడేసి ఆకులు, వెలగకి ఒకే కాడకి ఐదో ఏడో చిన్న చిన్న ఆకులు.

మా ఊరి కొండ మీద మారేడు చెట్లున్నాయి. వేర్లకి రేటు ఇస్తామని ఒకాయన వచ్చాడు, దశమూలాల్లో వాడతారట. అమ్మొచ్చా? – రాయగడ జిల్లా నుంచి

వద్దు తమ్ముడూ, దయచేసి వద్దు. దశమూలాల్లో, అంటే ఆయుర్వేదంలో కలిపి వాడే పది వేర్లలో, మారేడు వేరు ఉందన్న మాట నిజమే, కానీ వేరు తవ్వితే చెట్టు పోతుంది, కాయ ఆకు అయితే ఏటా వస్తాయి. పైగా అది అడవి భూమి అయితే ఫారెస్టు వాళ్ళతో ఇబ్బంది కూడా. డబ్బు కావాలంటే దోరకాయలు కోసి చక్రాలు చేసి ఎండబెట్టి అమ్ముకోండి, ఒక్క కాయా వృథా కాదు. కొత్త చెట్లకైతే పండులోంచి తీసిన గింజల్ని జిగురు పోయేలా కడిగి ఆరబెట్టి జూన్‌లో వానలు పడగానే కవర్లలో నాటండి, రెండు మూడు వారాల్లో మొలుస్తాయి. అలా పెంచితే కాపుకి ఏడెనిమిదేళ్ళు ఆగాలి, తొందరగా కావాలంటే నర్సరీలో అంటు మొక్క తెచ్చుకోండి, అది నాలుగైదేళ్ళకే కాస్తుంది. రాళ్ళ నేలైనా, చవుడు నేలైనా బతికేస్తుంది, మొదటి రెండు వేసవులు మాత్రం మేకలు కొరక్కుండా చుట్టూ ముళ్ళకంప వెయ్యండి.